రష్యా సాబు గిలక, మా వదిన బేసిను

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక భిలాయి పక్కన రిసాలీలోని మా ఇంటి వరండాలో పడక్కుర్చీ వేసుకుని, నిద్రపోవాలో మేలుకోవాలో తేల్చుకోలేక నేను ఊగిసలాడుతూ ఉంటే, మా మనవరాలు ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. అందులో ఎవరో దొర, చేతులకు నల్లటి తొడుగులు వేసుకుని, సముద్రంలో గాలం వేసే రీలు ఒకటి విప్పుతున్నాడు. దారం చుట్టుకునే కండె తీశాడు, పిడి తీశాడు, పక్కనున్న మూత మరలు విప్పుతున్నాడు. ఆమాత్రం చూసేసరికి నా నిద్ర ఎగిరిపోయింది. ఇప్పుడొక స్ప్రింగు ఎగురుతుంది చూడవే అన్నాను. ఎగిరింది. దొర నవ్వుకుంటూ బల్ల కింద వెతుక్కోవడం మొదలుపెట్టాడు. మా మనవరాలికి తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ ఆశ్చర్యం వచ్చిందంటే హిందీలోనే వస్తుంది. "తాతయ్యా, ఆప్‌కో కైసే పతా?" అంది.

ఎలా తెలుసంటే, అలాంటి స్ప్రింగే ఒకటి ఒకప్పుడు మా అన్నయ్య తింటున్న ఉప్మాలో దొరికింది గనక. ఆ మాట అక్కణ్ణుంచి మొదలుపెడితే పిల్ల కంగారుపడుతుంది, మొదటినుంచి చెబుదామా అంటే దానికి అంత తీరిక లేదు. నా ఈడువాళ్ళకైతే మధ్యాహ్నాలకు లోటు లేదు కాబట్టి మీకు చెబుతున్నాను, నిదానంగా వినండి.

అరవైల తొలిరోజులవి. మా అన్నయ్య రైల్వేలో పనిచేస్తూ భిలాయి కార్మికుల బస్తీ క్యాంప్ వన్‌లో రెండు గదుల ఇంట్లో ఉండేవాడు. నేను అక్కడే రష్యావాళ్ళ సాయంతో కట్టిన ఉక్కు ప్లాంటులో, బొగ్గుని కాల్చి కోకు చేసే కోక్ ఓవెన్ల దగ్గర హెల్పరుగా చేరి, అన్నయ్య ఇంటి ముందుగదిలో ఓ మూల, వదిన కుట్టుమిషనుకీ బియ్యం డబ్బాకీ మధ్య కాపురం పెట్టాను. మాది సాలూరు దగ్గర కొండపక్క పల్లె. అప్పటికి నేను సముద్రాన్ని క్యాలెండరు బొమ్మల్లో తప్ప చూసి ఎరగను. అయినా ఆ రోజుల్లో భిలాయిలో ఇచ్ఛాపురం నుంచి తుని దాకా ఎక్కణ్ణుంచి వచ్చినవాడైనా విజాగ్‌వాలాయే. మొదట్లో ఒకరిద్దరికి మా ఊరు ఎక్కడుందో వివరించబోయాను గానీ, వినేవాళ్ళ ముఖాల్లో జాలి చూసి మానేసి, నేనూ విజాగ్‌వాలాగానే స్థిరపడిపోయాను. నిజానికి మా ఇంట్లో సముద్రం ఎరిగిన మనిషి మా వదిన ఒక్కతే. ఆవిడ పుట్టిల్లు భీమిలి, గుమ్మంలో నిలబడితే అలలు కనబడేవట. ఆ సంగతి నాకు తెలుసు, దాని విలువే తెలియదు.

ఇక నా కష్టం చెప్పాలి. నా కష్టమల్లా కనుబొమ్మలు. కోక్ ఓవెన్ల మీద పని అంటే కాళ్ళకి చెక్క అడుగుల చెప్పులు వేసుకుని నిప్పుల పెట్టె మీద నడవడం లాంటిది. ముఖానికి అడ్డంగా వేసుకోమని ఒక తెర ఇచ్చేవారు. గాలాడటం లేదని దాన్ని నెత్తిమీదికి తోసుకుని, మూత తీసిన ప్రతి కంతలోకీ తొంగిచూసే దురలవాటు నాది. భగ్గుమని సెగ లేచేది, కనుబొమ్మలు చుర్రుమనేవి. మొలవడానికి రెండు నెలలు పట్టేవి, మాడిపోవడానికి ఒక్క తొంగిచూపు చాలు. దీనివల్ల రెండు సంబంధాలు తప్పిపోయాయి. మొదటి పెళ్ళిచూపుల్లో పిల్ల నాయనమ్మ, అబ్బాయికి ఏదైనా జబ్బు చేసిందా అని అందరిముందూ అడిగింది. రెండోసారి మా వదిన తన కాటుకతో రెండు చక్కటి బొమ్మలు దిద్ది కూర్చోబెట్టింది. మే నెల ఎండ, పైన ఫ్యాను లేదు, కాఫీలు వచ్చేసరికి కాటుక చెంపల మీదికి దిగింది. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక లోపలికి పరిగెత్తింది, మళ్ళీ బయటికి రాలేదు. శ్రావణంలో రాయపూర్ నుంచి మూడో సంబంధంవాళ్ళు వస్తామని కబురు పెట్టినప్పుడు, ఈసారి బొమ్మలు సొంతవే ఉండాలని వదిన తీర్పు చెప్పేసింది.

సొంత బొమ్మలు ఉండాలంటే నేను ఓవెన్ల మీంచి దిగాలి. దిగి ఎక్కడికి వెళ్ళాలో నాకు ఎప్పుడో తెలుసు. ప్లాంటులోనే మీటర్లు బాగుచేసే షాపు ఒకటుండేది. ఆవిరి ఒత్తిడి, వేడి చూపించే మీటర్లన్నీ అక్కడికే పోయేవి. పైన ఫ్యాన్లు, కింద పొడవాటి బల్లలు, వాటి ముందు కంసాలుల్లాగా వంగి కూర్చుని పట్టకార్లతో చిన్నచిన్న చక్రాలు తీసి పెడుతూ ఉండే మనుషులు, అందరికీ నిండుగా కనుబొమ్మలు. మా దగ్గర పాడైన మీటరు తీసుకెళ్ళే పని దొరికితే చాలు, నేను అక్కడ ఫ్యాను కింద ఎంతసేపు నిలబడగలనో అంతసేపూ నిలబడి వచ్చేవాణ్ణి.

అలా నిలబడి ఉన్న ఒకరోజున ఆ షాపుకి సలహాదారుగా వచ్చిన రష్యా సాబు కుడిచేతికి పిండికట్టుతో లోపలికొచ్చాడు. ఎడమచేతిలో ఒక ఇనప వస్తువు, పిడికిలంత గుండ్రటి పొట్ట, పక్కన తిప్పే పిడి, ముందు దారం కండె, దాని చుట్టూ ఒక తీగ కమాను. ఆయనది నల్లసముద్రం ఒడ్డున ఏదో ఊరట, చేపలంటే ప్రాణమట. సెలవుకి విశాఖపట్నం వెళ్ళి రాళ్ళ మీద నిలబడి గాలం వేస్తుంటే అల వచ్చి పడదోసిందట. చెయ్యి విరిగింది, గాలం రీలు తడి ఇసుకలో పొర్లింది. ఆస్పత్రి, రైలు అన్నీ అయ్యి సంచి విప్పేసరికి రీలు బిగుసుకుని రాయిలా ఉంది. మూడు వారాల్లో కట్టు విప్పుతారు, ఆ ఆదివారమే మరోదా చెరువుకి వెళ్ళాలని ఆయన ఆశ. తన చేత్తో చెయ్యలేడు. షాపులో ఒకరిద్దరు తిప్పిచూసి పెదవి విరిచారు, ఒక బెంగాలీ పెద్దమనిషి చేపల రుచి గురించి చాలాసేపు చెప్పి ఊరుకున్నాడు. అప్పుడు ఫోర్‌మన్ కళ్ళు నా మీద పడ్డాయి. "యే విజాగ్‌వాలా హై సాబ్. అరే భాయ్, తుమ్హారే సమందర్ నే బిగాడా హై, తుమ్ హీ బనావ్" అన్నాడు. మీ సముద్రమే పాడుచేసింది, నువ్వే బాగుచెయ్యమని. పక్కనున్న దుబాసీ అది సాబుకి చెప్పాడు. సాబు నావైపు తిరిగి, నేనేదో తన తోబుట్టువునన్నట్టు నవ్వాడు.

నాకు రాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా ఫోర్‌మన్, ఇది తిరిగితే నిన్ను ఈ షాపుకి అడిగి తెప్పించుకుంటాను, ఒక బల్ల ఖాళీగానే ఉంది అన్నాడు. తెరిచిన నోటితోనే, మా ఊళ్ళో ఇలాంటివి ఇంటింటికీ ఉంటాయి అనేశాను.

ఇంటికి తెచ్చి వార్తాపత్రిక పరిచి విప్పాను. మా ఇంట్లో దానికి గిలక అని పేరు పడింది. విప్పుతుండగానే తీగ కమాను కింద స్ప్రింగు ఠంగుమని ఎగిరి మాయమైంది. అది మర్నాడు పొద్దున్న అన్నయ్య ఉప్మాలో తేలింది. అన్నయ్య తక్కువ మాటల మనిషి. దాన్ని నోట్లోంచి తీసి, ఓసారి చూసి, కరివేపాకుని పెట్టినట్టే పళ్ళెం అంచున పెట్టి, మిగతా ఉప్మా తినేసి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

లోపల పళ్ళచక్రాల నిండా తెల్లటి ఉప్పు, ఇత్తడి మీద పచ్చటి చిలుము. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే, కిరసనాయిలు. పనిలో చేరిన మొదటిరోజే మేస్త్రీ, ఎవడైనా మిషనుకి నీళ్ళు తగలనిచ్చాడా చెయ్యి విరగ్గొడతానని మా అందరికీ ఉపదేశం చేశాడు. ఇనుముకి శత్రువు నీరు, మిత్రుడు కిరసనాయిలు. అందుకని చక్రాలన్నీ కిరసనాయిల్లో వేసి, బ్రష్షుతో రుద్ది, తుడిచి, బిగించాను. బ్రహ్మాండంగా తిరిగింది. విజాగ్‌వాలా అనిపించుకున్నాను అనుకుంటూ పడుకున్నాను. తెల్లారేసరికి కరకరమంది, సాయంత్రానికి బిగుసుకుంది. మళ్ళీ విప్పాను, మళ్ళీ కిరసనాయిలు. ఇలా నాలుగుసార్లు. వదిన స్టవ్వుకి దాచుకున్న కిరసనాయిలు అయిపోయి, రెండురోజులు బొగ్గుల కుంపటి మీద వంట చేసింది గానీ ఒక్కమాట అనలేదు. గడువు మూడు రోజులకి వచ్చింది. అద్దంలో చూసుకుంటే నా ముఖం ఉడికిన గుడ్డులా కనిపించి ఏడుపొచ్చేది.

ఆ గురువారం ఉదయం షిఫ్టు చేసి వచ్చేసరికి, పెరట్లో వదిన ఉప్పుచేపలు నానబెట్టుకునే బేసిను నిండా నీళ్ళు, నీళ్ళ అడుగున సాబు గిలక, ముక్కముక్కలుగా. నేను గడప మీంచే కేక పెట్టాను.

"ఏటి వదినా ఇది, సాబు సామాను నీళ్ళల్లో పడేశావు?"

"పడెయ్యలేదు బాబూ, నానబెట్టాను," అంది వదిన, చాకిరేవు దగ్గర బట్టల సంగతి చెప్పినంత మామూలుగా. "ఉప్పు నీళ్ళల్లో కరుగుతాది గానీ కిరసనాయిల్లో కరుగుతాదేటి? ఉప్పుచేప కిరసనాయిల్లో నానబెడతామేటి?"

మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు అడిగావేటి? విజాగ్‌వాలావి కదా, నీకు తెలీదేటని ఊరుకున్నాను."

భీమిలిలో వాళ్ళ నాన్న సైకిలు సముద్రం గాలికి పాడవకుండా రోజూ సాయంత్రం నూతినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అప్పుడు నూనె పెట్టేవాడట. తలుపు గొళ్ళేలకీ అదే వైద్యమట. మంచినీళ్ళు ముందు, ఎండ తరవాత, నూనె ఆఖర్న. ఈ మూడింటిలో నేను ఆఖరి దాన్ని ముందుకి తెచ్చి, మొదటి రెండూ ఎగ్గొట్టాను. సబ్బునీళ్ళతో కిరసనాయిలు వదిలించాక, వదిన ఐదుసార్లు మంచినీళ్ళు మార్చింది. మార్చిన ప్రతిసారీ బేసినులో నీళ్ళు వేలితో నాలిక చివర వేసుకుని, ఊరగాయలో ఉప్పు చూసినట్టు చూసి, ఇంకా ఉంది అనేది. ఐదోసారి చప్పరించి, ఇంక లేదు అంది. ఆ తరవాత నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎన్నెన్నో మీటర్లు చూశాను గానీ, అంత నమ్మకమైన మీటరు మళ్ళీ చూడలేదు.

ఆరబెట్టడం దగ్గర ఒక ప్రమాదం జరిగింది. పెరట్లో అప్పటికే పాతచీర మీద పిండివడియాలు ఎండుతున్నాయి. వదిన ఒక వరస వడియాలు, ఒక వరస గిలక ముక్కలు, నేను విప్పిన వరస తప్పకుండా పెట్టి, నన్ను కాపలా కూర్చోమంది. రాత్రి డ్యూటీ లేకపోయినా నాకు ఆ ఎండకి కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి ఒక కాకి, వందకి పైగా వడియాలున్న చీర మీద, వాటిని ఒక్కదాన్నీ ముట్టకుండా, కండె కింద ఉండే తోలు వాషరుని ముక్కున పట్టుకుని గోడెక్కింది. దారాన్ని చేప మరీ గట్టిగా లాగితే బ్రేకులా పట్టి ఉంచేది ఆ వాషరే. కాకి వెనకాల క్యాంప్ వన్‌లో రెండు సందులు పరిగెత్తాను. మా వీధిలో ఒక ఛత్తీస్‌గఢీ దీదీ, వడియం కోసం ఇంత పరుగేమిటని నాకు గుప్పెడు వడియాలు ఇవ్వబోయింది. చివరికి వదిన కత్తెర తీసి, చిలక్కొయ్యకి వేలాడుతున్న అన్నయ్య తోలు బెల్టు చివర గుండ్రంగా కత్తిరించి, మధ్యన కంత చేసి ఇచ్చింది. సరిగ్గా సరిపోయింది. అన్నయ్య మర్నాడు బెల్టు పెట్టుకుంటూ, నేను లావెక్కుతున్నానేటని మాత్రం అడిగాడు. అవునండీ అంది వదిన.

బిగించేటప్పుడు వదిన పక్కనే కూర్చుంది. కుట్టుమిషను నూనె తలపిన్ను కొసతో ఒక్కొక్క చుక్క వేయించింది, మిషను బాబినుకి ఎంతేస్తావో అంతే, ఎక్కువైతే దుమ్ము పడతాదని. అంతా అయ్యాక పిడి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, ఇంకా ఎక్కడో రవ్వ తగుల్తంది బాబూ, తియ్యి అంది. నాకేమీ వినపడలేదు. తీసి చూస్తే చిన్నచక్రం పళ్ళ మధ్య ఒకే ఒక్క ఇసుకరేణువు. మళ్ళీ బిగించాక అది టిక్కుటిక్కుమంటూ తిరిగిందంటే ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆదివారం పొద్దున్న నేను సైకిలు తుడుచుకుంటూంటే వదిన గుమ్మంలోకి వచ్చింది.

"నన్నూ తీసికెళ్తావేటి బాబూ? ఇసిరితే ఎంత దూరం పోతాదో చూస్తాను."

నేను నవ్వేశాను. సాబులూ ఫోర్‌మన్లూ వచ్చేచోటికి ఆడవాళ్ళేమిటి వదినా అన్నాను. ఆవిడ మళ్ళీ అడగలేదు, నాకు రొట్టెలు కట్టిచ్చి లోపలికెళ్ళిపోయింది.

మరోదా చెరువు గట్టున సాబు, దుబాసీ, కొత్త గడ్డిటోపీ పెట్టుకున్న ఫోర్‌మన్. సాబు కట్టు విప్పిన చెయ్యి తెల్లగా, పాలిపోయి ఉంది. గిలకని కర్రకి బిగించి, తీగ కమాను పక్కకి తీసి, కొసన ఎరకి బదులు కొక్కేలున్న రేకుచేప కట్టి విసిరితే, దారం సన్నగా పాడుకుంటూ వెళ్ళి చెరువు మధ్యలో ఎక్కడో పడింది. తిప్పుతుంటే వెన్నలా వచ్చింది. ఆయన ముఖం చూసి నాకు బల్లా, ఫ్యానూ, కనుబొమ్మలూ అన్నీ ఒకేసారి కళ్ళముందు కనిపించాయి. అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన ప్రేమకొద్దీ, సముద్రం మనిషివి, ఇప్పుడు నువ్వు వెయ్యమని కర్ర నా చేతికిచ్చాడు.

నేను దాన్ని తలకిందులుగా పట్టుకున్నానని ఆ తరవాత తెలిసింది. కమాను తియ్యాలన్న సంగతి కూడా గుర్తులేదు. బలమంతా పెట్టి వెనక్కి ఊపేసరికి రేకుచేప వెనకాల నిలబడ్డ ఫోర్‌మన్ టోపీని తగులుకుంది. ముందుకి ఊపేసరికి టోపీ లేచి, నా నెత్తిమీంచి వెళ్ళి నీళ్ళల్లో పడింది. తిప్పి తిప్పి ఒడ్డుకి లాగాను. తడిసి బరువెక్కిన టోపీని అన్నయ్య బెల్టు ముక్క ఎంత నిబ్బరంగా పట్టి ఉంచిందో నేనొక్కణ్ణే ఎరుగుదును. సాబు చూస్తున్నది టోపీని కాదు, నా చేతుల్ని. సముద్రంలో ఎన్నేళ్ళు గాలం వేశావని దుబాసీ చేత అడిగించాడు. ఇంక దాచి లాభం లేదు. నేను సముద్రమే చూడలేదు, ఈ గిలక బాగుచేసింది మా వదిన అని చెప్పేశాను. ఫోర్‌మన్ టోపీ పిండుకుంటూ నావైపు చూసిన చూపుకి, ఉన్న నాలుగు బొమ్మ వెంట్రుకలూ కూడా మాడిపోయాయనుకున్నాను.

సాబు పెద్దగా నవ్వి, పదండి ఆవిణ్ణి చూద్దాం అన్నాడు. జీపు మా సందులోకి రాగానే క్యాంప్ వన్ సగం బయటికొచ్చేసింది. వదిన పిండి చేతులతోనే వచ్చి నిలబడింది. సాబు నమస్తే అని, కర్ర తీసి ఆవిడ చేతికిచ్చాడు. వదిన చేతులు కొంగుకి తుడుచుకుంది, కొంగు నడుముకి దోపుకుంది, ఎవరూ చెప్పకుండానే వేలితో కమాను పక్కకి తీసింది. చిన్నప్పుడు భీమిలి ఒడ్డున వాళ్ళ నాన్న పక్కన నిలబడి చేతిగాలం విసిరిందట, మాకెవరికీ ఏనాడూ చెప్పలేదు. ఒక్క ఊపు. రేకుచేప సందంతా దాటి, మలుపులో చేతిపంపు అవతల పడి మెరిసింది. వదిన చెవి కాస్త వంచి, వింటూ, నెమ్మదిగా తిప్పుకుంటూ వెనక్కి తెచ్చుకుని, ఇంకో చుక్క నూనె పడాలి బాబూ అంది.

షాపులో బల్ల ఈవిడకివ్వాలి అన్నాడు సాబు. దుబాసీ ఆ మాట చెప్పగానే ఫోర్‌మన్ నవ్వాడు, సందంతా నవ్వింది, నా కేసు మళ్ళీ గాడిలో పడుతోందని అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. ఆడమనిషిని ఎక్కడ కూర్చోబెడతాం సాబ్, వదిన బదులు మరిదిని తీసుకుంటాను అన్నాడు ఫోర్‌మన్. వదిన కూడా నవ్వింది. మా అందరి నవ్వులూ అయ్యాక నవ్వింది.

ఆ నెలలోనే నాకు బదిలీ వచ్చింది. శ్రావణానికి కనుబొమ్మలు వచ్చాయి. రాయపూర్ సంబంధం కుదిరింది, మీ బొమ్మలు చూసే ఒప్పుకున్నానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. సాబు తన దేశం వెళ్ళిపోతూ ఆ రేకుచేపని వదినకి ఇచ్చాడు. అది కుట్టుమిషను మీది మేకుకి చాలా ఏళ్ళు వేలాడింది. షాపులో ఏ మీటరు అంతుపట్టకపోయినా నేను ఇంటికొచ్చి వదినకి చెప్పేవాణ్ణి. ఆవిడ చపాతీలు ఒత్తుకుంటూనే, ఫలానాది చూశావేటి అనేది. మర్నాడు వెళ్ళి చూస్తే అదే. షాపులో నాకు మంచి పనివాడని పేరొచ్చింది. రిటైరైననాడు దండలు వేస్తే, ఫోర్‌మన్‌నీ, రష్యా సాబునీ పేరుపేరునా తలుచుకుని చాలాసేపు మాట్లాడాను. వదిన ఆ హాల్లోనే వెనక వరసలో కూర్చుని ఉంది. ఆవిడ మాట ఎత్తలేదు. మరిచిపోలేదండీ, సిగ్గుపడ్డాను. తిరిగి వస్తున్నప్పుడు, బాగా మాట్లాడావు బాబూ అంది. ఆవిడ పోయి పదేళ్ళు దాటింది, ఆ మాట మాత్రం నన్ను వదలదు.

ఫోనులో దొర స్ప్రింగు వెతికి పట్టుకున్నాడు. విప్పకముందు రీలుని కొళాయి కింద మంచినీళ్ళతో కడిగిన వీడియో ముక్క మా మనవరాలు మళ్ళీ వేసి చూపించింది. అది పోయిన ఏడాదే ప్లాంటులో ఇంజనీరుగా చేరింది, నేను పనిచేసిన విభాగంలోనే. నెత్తిన హెల్మెట్, కాళ్ళకి బూట్లు, పొద్దున్నే స్కూటీ మీద బయలుదేరుతుంటే దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలా అని ఇప్పుడెవరూ నవ్వరు. అక్కడ బల్లలు కూడా పోయాయట, అంతా కంప్యూటరు తెరలేనట. దొర రీలు బిగించి తిప్పాడు, చప్పుడే లేదు. ఇప్పటివి అంతేనట. నాకు ఆ టిక్కుటిక్కు లేకపోవడం వెలితిగా అనిపించింది.

మా తాతగారి షాపులోనే పనిచేస్తున్నానని అది అందరికీ గొప్పగా చెప్పుకుంటుంది. ఆ బల్ల నాది కాదు తల్లీ, మీ పెద్ద నానమ్మది, నేను బదులు కూర్చున్నానంతే అని ఆ మధ్యాహ్నం మొదటిసారి చెప్పాను. నేను చెప్పిన నాలుగు మాటలూ విని, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు తాతయ్యా అంది. నువ్వు అడిగావేటి అనబోయి ఆగిపోయాను. చిన్నప్పటినుంచీ అది అడుగుతూనే ఉంది, ఈ పనంతా మీకెవరు నేర్పారని.